హాన్‌కాక్ కౌంటీ పుస్తకాల్లో ఒక తల్లి పేరు: అమెరికా దక్షిణాదిలో కుటుంబ చరిత్ర వెతకడం ఎలా

మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడ రెండేళ్ల క్రితం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. వాళ్ల అమ్మమ్మ తండ్రి మరణ ధ్రువపత్రం అది, 1931 నాటిది. పేరు ఉంది, వయసు ఉంది, పని అన్నచోట ‘వ్యవసాయం’ అని ఉంది. తండ్రి పేరు కూడా ఉంది. తల్లి పుట్టింటి పేరు రాయాల్సిన గడిలో మాత్రం ‘తెలియదు’ అని రాసి ఉంది. ఆవిడ ఆ గడి మీద వేలు పెట్టి, “ఈవిడెవరో కనుక్కోవాలి” అన్నారు. మా తాతగారు కరణీకం చేసేవారని, ఇంట్లో అడంగళ్లు, దస్తావేజులు చూస్తూ పెరిగానని ఎప్పుడో మాటల్లో చెప్పాను. అది గుర్తుపెట్టుకుని నన్ను అడిగారు.

వాళ్ల కుటుంబం జార్జియా రాష్ట్రం నడిమధ్యలో ఉన్న హాన్‌కాక్ కౌంటీది. కౌంటీ ముఖ్యపట్టణం పేరు స్పార్టా. మేముండే అట్లాంటా నుంచి కారులో దాదాపు రెండు గంటలు. ఎర్రమట్టి, పైన్ అడవులు, ఒకప్పుడు పత్తికి పేరుమోసిన నేల. 1860 నాటికి ఆ కౌంటీ జనాభాలో దాదాపు మూడింట రెండొంతుల మంది బానిసలు. ఆవిడ పూర్వీకులు వాళ్లలోని వాళ్లే.

అప్పటి నుంచి మేమిద్దరం ఎన్నో శనివారాలు ఆ కౌంటీ పాత పుస్తకాలతోనే గడిపాం. నాకు అర్థమైంది ఇది: ఆ పుస్తకాల్లో ఒక్కటి కూడా మనుషుల చరిత్ర కోసం రాసింది కాదు. భూమి ఎవరిది, పన్ను ఎవరు కట్టాలి, చనిపోయినవాడి ఆస్తి ఎవరికి చెందాలి, ఇవి తేల్చడానికి రాసినవి. అందుకే పేరు పట్టుకుని వెతికితే దొరకని మనిషి, ఆస్తి పట్టుకుని వెతికితే దొరకొచ్చు. దక్షిణాదిలో నల్లజాతి కుటుంబాల విషయంలో ఇది మరీ నిజం. ఎందుకంటే 1865 దాకా చట్టం వాళ్లను ఆస్తిగానే చూసింది.

కౌంటీ అంటే ఏమిటి, అక్కడ ఏం దొరుకుతుంది

కౌంటీ అంటే జిల్లా అని మనవాళ్లు అనువదిస్తారు. జార్జియాలో మాత్రం కౌంటీ మన పాత తాలూకాకు దగ్గర. ఒక్క రాష్ట్రంలోనే 159 కౌంటీలు ఉన్నాయి. ప్రతిదానికీ ఒక కోర్టుహౌస్. మన తహసీల్దారు ఆఫీసు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, కోర్టు మూడూ కలిపి ఒకే భవనంలో పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. భూమి దస్తావేజులు సుపీరియర్ కోర్టు క్లర్క్ దగ్గర ఉంటాయి. వీలునామాలు, చనిపోయినవాళ్ల ఆస్తుల లెక్కలు, పెళ్లిళ్ల పుస్తకాలు ప్రొబేట్ కోర్టులో ఉంటాయి. పాత పుస్తకాల మీద ఆ కోర్టు పేరు ‘ఆర్డినరీ కోర్టు’ అని ఉంటుంది. రెండూ ఒకటే అని తెలియక చాలామంది మొదటిరోజే తికమకపడతారు. జనన మరణాలు మాత్రం రాష్ట్రం చూసుకుంటుంది, అదీ 1919 నుంచే. అంతకు ముందు పల్లెల్లో పుట్టినవాళ్లకి, పోయినవాళ్లకి ధ్రువపత్రం దొరకడం చాలా అరుదు.

ఇంకో చిక్కు సరిహద్దులది. హాన్‌కాక్ కౌంటీ 1793లో గ్రీన్, వాషింగ్టన్ కౌంటీల నుంచి పుట్టింది. 1825లో మళ్లీ దీని నుంచి కొంత ముక్క తీసి, చుట్టుపక్కల కౌంటీల ముక్కలతో కలిపి టాలియఫెరో కౌంటీ చేశారు. కుటుంబం ఒక్క అడుగు కదలకపోయినా వాళ్ల కాగితాలు మూడు కోర్టుహౌసుల్లో ఉండొచ్చన్నమాట. ఇది మనకి కొత్తేం కాదు, జిల్లాలు విడిపోయినప్పుడు పాత రికార్డు ఎక్కడుందో తెలియక తిరిగినవాళ్లమే. అట్లాంటా ఉత్తరాన ఆల్ఫరెటాలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఊరు ఒకప్పుడు మిల్టన్ అనే వేరే కౌంటీకి ముఖ్యపట్టణం. ఆ కౌంటీని 1932లో ఫుల్టన్ కౌంటీలో కలిపేశారు. 1920ల నాటి ఆల్ఫరెటా దస్తావేజు కావాలంటే, లేని కౌంటీ పేరుతో వెతకాలి.

1870 దగ్గర అడ్డుపడే గోడ

ఈ దేశంలో కుటుంబ చరిత్ర ఎవరు మొదలుపెట్టినా ముందు పట్టుకునేది సెన్సస్. పదేళ్లకోసారి ఇంటింటి లెక్క. 72 ఏళ్లు గడిచాక ఆ పేజీలన్నీ బయటపెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. వెనక్కి వెళ్లేకొద్దీ ఒక్కో సెన్సస్‌లో ఒక్కో విషయం తగ్గిపోతుంది. 1900లో పుట్టిన నెల, సంవత్సరం, తల్లికి ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎందరు బతికున్నారు అని కూడా అడిగారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే గుండె బరువెక్కుతుంది. 1890 సెన్సస్ దాదాపుగా లేదు. దేశ రాజధాని వాషింగ్టన్‌లో 1921 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలి, తడిసి పాడైంది. మిగిలిన దాన్ని తర్వాత ప్రభుత్వమే నాశనం చేయించింది. దాంతో 1880 నుంచి 1900 దాకా ఇరవై ఏళ్లు ఒక్కసారిగా చీకటి.

1880లో ఇంట్లో ఒక్కొక్కరు యజమానికి ఏమవుతారో రాశారు. 1870లో అదీ లేదు, పేర్లు, వయసులు, పని, ఆస్తి విలువ లాంటివే. అయినా 1870 చాలా ముఖ్యం. నల్లజాతివాళ్లందరినీ పేరుపేరునా రాసిన మొదటి సెన్సస్ అదే. దానికి ముందు స్వతంత్రులైన కొద్దిమందికి తప్ప మిగతావాళ్లకి పేర్లు లేవు. ఈ పరిశోధన చేసేవాళ్లు దీన్ని ‘1870 గోడ’ అంటారు.

ఆ గోడకి అవతల ఏముందో ఒకసారి దగ్గరగా చూడండి. 1850లో, 1860లో బానిసల కోసం వేరే పట్టిక తయారుచేశారు. ఎడమవైపు యజమాని పేరు. దాని కింద వరసగా ఒక్కో గీతకి ఒక్కో మనిషి. వయసు, ఆడా మగా, రంగు. పారిపోయి దొరకలేదా, విడుదల చేశారా అని ఇంకో రెండు గడులు. చెవిటి, మూగ, గుడ్డి లాంటివి ఉంటే చివర్లో రాయాలి. పేరు రాయడానికి గడే లేదు. 35, స్త్రీ, నలుపు. 14, పురుషుడు, నలుపు. 2, స్త్రీ, నలుపు. పేజీ అంతా ఇలాగే. మా కొలీగ్ మొదటిసారి ఆ పేజీ తెరమీద చూసినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మౌస్‌తో ఒక్కో గీత మీదా ఆగుతూ కిందికి వచ్చారు. ఎవరినీ వదలకుండా చూడాలనిపించిందట.

ఆ పట్టిక పనికిరాదని కాదు. యజమాని ఎవరో తెలిస్తే అది బాగా పనికొస్తుంది. అసలు సమస్య యజమాని ఎవరో తెలుసుకోవడమే. స్వేచ్ఛ వచ్చాక అందరూ యజమాని ఇంటిపేరే పెట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. కొందరు చివరి యజమాని పేరు పెట్టుకున్నారు, కొందరు అంతకు ముందు యజమాని పేరు, కొందరు తండ్రి వాడిన పేరు, కొందరు తమకు నచ్చిన పేరు. ఒకే తల్లి బిడ్డలు రెండు ఇంటిపేర్లతో పక్కపక్క ఇళ్లలో ఉండటం కూడా కద్దు. అందుకే ఇంటిపేరు చూసి తీర్పు చెప్పకుండా ఇరుగుపొరుగును చదవాలి.

దానికి ఒక ఉపాయం ఉంది. 1870లో మన కుటుంబం ఉన్న పేజీకి ముందు పది, వెనక పది పేజీలు చదవండి. అక్కడ భూమి ఎక్కువగా ఉన్న తెల్లవాళ్ల పేర్లు రాసుకోండి. వాళ్లనే 1860 సెన్సస్‌లో చూడండి. భూమి విలువ పక్కన ‘సొంత ఆస్తి’ అని ఇంకో గడి ఉంటుంది. 1860లో ఆ గడిలో పదుల వేల డాలర్లు ఉండి, 1870కి అదే మనిషి దగ్గర వందల్లోకి పడిపోయిందనుకోండి, ఆ పోయిన డబ్బులో ఎక్కువ భాగం మనుషుల ధర. అలాంటివాళ్లలో ఒకరు మీరు వెతుకుతున్న యజమాని కావచ్చు.

మధ్యలో ఉన్న ఆ ఐదేళ్లు

1865కీ 1870కీ మధ్య ఐదేళ్లలో పుట్టిన కాగితాలు ఈ పనికి ప్రాణం లాంటివి. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిసే సమయంలో కేంద్ర ప్రభుత్వం ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అని ఒక సంస్థ పెట్టింది. 1872 దాకా నడిచింది. పాత యజమానులకూ, స్వేచ్ఛ పొందిన కూలీలకూ మధ్య కుదిరిన పని ఒప్పందాలు, రేషన్లు, ఫిర్యాదులు, బళ్ల లెక్కలు అన్నీ అందులో ఉన్నాయి. వాలంటీర్లు చేతిరాతలు చదివి సుమారు 18 లక్షల పేర్లకు సూచిక తయారుచేయడం 2016లో పూర్తయింది. ఒప్పందం దొరికితే ఒకే కాగితం మీద తోట యజమాని పేరు, కూలీల పేర్లు రెండూ ఉంటాయి. గోడకి తలుపు దొరికినట్టే.

ఇంకొకటి ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు. 1865 నుంచి 1874 దాకా నడిచి మునిగిపోయింది, పేదవాళ్లు దాచుకున్న డబ్బు పోయింది. కానీ ఖాతా తెరిచినప్పుడు రాసుకున్న వివరాలు మిగిలాయి: తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొన్నిచోట్ల పాత యజమాని పేరు కూడా. ఒక బ్యాంకు గుమస్తా అడిగిన ప్రశ్నలు, సెన్సస్ వాళ్లు అడగనివి. హాన్‌కాక్ వాళ్లకి దగ్గరగా అగస్టా ఊళ్లో ఒక శాఖ ఉండేది.

1867లో ఓటర్ల నమోదు జరిగింది. నల్లజాతి మగవాళ్లకి మొదటిసారి ఓటు వచ్చిన ఏడాది అది. చాలామందికి ప్రభుత్వ పుస్తకంలో సొంతపేరుతో కనిపించిన మొదటి చోటు ఆ జాబితాయే.

ఇక పెళ్లిళ్లు. మేం ఇక్కడే బోర్లాపడ్డాం. ముత్తాత తల్లిదండ్రుల పెళ్లి నమోదు దొరికితే ఆమె పుట్టింటి పేరు తెలిసిపోతుంది కదా అని హాన్‌కాక్ పెళ్లిళ్ల పుస్తకాలు నెలలకొద్దీ చూశాం. లేదు. ఆ లేకపోవడానికి కారణం చట్టంలో ఉంది. బానిసలుగా ఉండగా వాళ్లకి చట్టబద్ధమైన పెళ్లి లేదు. 1866లో జార్జియా ఒక చట్టం చేసి, అప్పటికే కలిసి కాపురం చేస్తున్న జంటలన్నిటినీ భార్యాభర్తలుగా ప్రకటించేసింది. లైసెన్సు తీసుకోనక్కర్లేదు, పుస్తకంలో రాయించుకోనక్కర్లేదు. కాబట్టి ఆ తరం జంటల్లో చాలామందికి పెళ్లి కాగితం ఉండదు. మాకు అది తెలిసేసరికి వేసవి అయిపోయింది.

భూమి కాగితాలే దారి చూపించాయి

చివరికి దారి దొరికింది ముత్తాత తండ్రి కొన్న నలభై ఎకరాల దస్తావేజులో. కొన్నది 1878లో, పుస్తకంలోకి ఎక్కించింది తొమ్మిదేళ్ల తర్వాత. ఇది కొత్తగా వెతికేవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి. అక్కడ రిజిస్ట్రేషన్ వెంటనే చేయించుకునేవాళ్లు కాదు. సూచికల్లో అమ్మినవాళ్ల పేర్లు ఒకచోట, కొన్నవాళ్ల పేర్లు ఇంకోచోట ఉంటాయి. పేరు అక్షరక్రమం కూడా పూర్తిగా ఉండదు, మొదటి అక్షరం వరకే కలిపి, తర్వాత పుస్తకాల వరస. ఓపిగ్గా ఏళ్లతరబడి ముందుకి చదవాలి.

దస్తావేజు చదువుతుంటే మా ఊరే గుర్తొచ్చింది. హాన్‌కాక్ ప్రాంతంలో భూమిని గళ్లుగళ్లుగా కొలిచి పంచలేదు. ఓకోనీ నదికి అవతల, క్రీక్ తెగవాళ్ల నుంచి తీసుకున్న నేలని 1805 నుంచి లాటరీలు వేసి, చదరాలుగా కొలిచి పంచారు. నదికి ఇవతల హాన్‌కాక్‌లో పాత పద్ధతే. ఫలానా తెల్ల ఓక్ చెట్టు నుంచి వాగు దాకా ఇన్ని గొలుసులు, అక్కడి నుంచి రాయి దాకా ఇన్ని గొలుసులు. ఆ గొలుసు 66 అడుగులది, మన ఎకరాల కొలతకు వాడిన గంటర్ గొలుసే. చివర్లో తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అని ఉంటుంది. అచ్చంగా మన చెక్కుబందీ.

ఆ చెక్కుబందీలో ఉత్తరాన ఒక పేరు, దక్షిణాన ఒక పేరు ఉన్నాయి. ఆ ఇద్దరూ పన్ను పుస్తకాల్లో ఏ మిలీషియా డిస్ట్రిక్టులో ఉన్నారో చూశాం. మిలీషియా డిస్ట్రిక్టు అంటే కౌంటీలో ఇంకా చిన్న విభాగం, మన ఫిర్కా లాంటిది, ప్రతిదానికీ నంబరు ఉంటుంది. జార్జియా పన్ను పుస్తకాలు బంగారు గనులని నేను అందరికీ చెబుతుంటాను. యుద్ధం తర్వాతి పుస్తకాల్లో నల్లజాతివాళ్లని వేరుగా రాశారు, చాలాచోట్ల ఎవరి దగ్గర పనిచేస్తున్నారో కూడా రాశారు. 21 ఏళ్లు నిండిన మగవాడు తలపన్ను కట్టాలి, కాబట్టి ఒక పేరు మొదటిసారి కనిపించిన ఏడాదిని బట్టి పుట్టిన ఏడాది అంచనా వేయొచ్చు. కాలిపోయిన 1890 సెన్సస్ లోటు చాలావరకు ఇవే తీరుస్తాయి. నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బీ. డుబోయ్స్ అట్లాంటాలో పాఠాలు చెబుతూ, జార్జియాలో నల్లజాతి రైతులు ఎంత భూమి సంపాదించారో 1901లో లెక్కతేల్చింది ఇలాంటి పన్ను లెక్కలతోనే.

డిస్ట్రిక్టు తెలిశాక 1880 సెన్సస్‌లో ఆ డిస్ట్రిక్టు మొత్తం పేజీ పేజీ చదివాం. కంప్యూటర్లో పేరు కొడితే అంతవరకూ దొరకలేదు. ఎందుకు దొరకలేదో ఇల్లు కనిపించాక తెలిసింది. రాసినవాడు విన్నదాన్ని విన్నట్టు రాశాడు, సూచిక చేసినవాళ్లు ఆ రాతని ఇంకోలా చదివారు. మన పేర్లు పాస్‌పోర్టులో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా ఉన్నట్టే. భర్త, భార్య, ఆరుగురు పిల్లలు. అందరి కిందా చివరి గీతలో అరవై ఏళ్ల ముసలామె, వేరే ఇంటిపేరుతో. పక్కన ‘అత్తగారు’ అని ఉంది.

ఇంటి యజమానికి అత్తగారంటే భార్యకి తల్లి. ‘తెలియదు’ అన్న గడికి ఒక పేరు దొరికింది.

ఆ రోజు మా కొలీగ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ ముసలామె ఇంటిపేరు కూతురు తండ్రిదే కానక్కర్లేదు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని ఉండొచ్చు. అసలు బానిసత్వంలో పుట్టిన ఆడపిల్లకి ‘పుట్టింటి పేరు’ అనేది ఏ కాగితం మీదా లేకపోయి ఉండొచ్చు. 1931లో ‘తెలియదు’ అని చెప్పిన కొడుకో కూతురో నిర్లక్ష్యంగా చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఒక్క కాగితంతో ఏదీ తేలదు. రెండోది, మూడోది అదే మాట చెబితేనే నమ్మాలి.

చనిపోయినవాళ్ల ఆస్తి జాబితా

ఆ ముసలామె పేరు పట్టుకుని 1865కి ముందు కాలంలోకి వెళ్లాలంటే ప్రొబేట్ పుస్తకాలే గతి. యజమాని చనిపోతే ఊరి పెద్దలు ముగ్గురో నలుగురో వచ్చి ఇంట్లో ఉన్నదంతా విలువకట్టి రాసేవాళ్లు. సెన్సస్‌లో లేని పేర్లు ఇక్కడ ఉంటాయి, ఎందుకంటే వారసులకి పంచేటప్పుడు ఎవరికి ఎవరు అన్నది తేలాలి. ఒక స్త్రీ పేరు, ‘ఆమె బిడ్డ’, ఇన్ని డాలర్లు. దాని కింది గీతలో ఒక గుర్రం, ఇంకో గీతలో నాలుగు మంచాలు. ఒకే చేతిరాత, ఒకే వరస. ఎన్నిసార్లు చూసినా అలవాటు కాని పేజీలు ఇవి.

హాన్‌కాక్ ప్రొబేట్ పుస్తకాల గురించి చెప్పేటప్పుడు అమాండా అమెరికా డిక్సన్ కథ చెప్పకుండా ఉండలేను. ఆమె 1849లో పుట్టింది. తల్లి జూలియా బానిస. తండ్రి డేవిడ్ డిక్సన్, ఆ ప్రాంతంలో అందరికంటే ధనవంతుడైన పత్తి రైతుల్లో ఒకడు. జూలియా మీద అతను జరిపిన బలాత్కారం వల్ల పుట్టిన బిడ్డ అమాండా. యుద్ధం ముగిసేదాకా ఆమె చట్టం ప్రకారం బానిసే. 1850, 1860 పట్టికల్లో ఆమెకి పేరుతో చోటు ఉండే వీలే లేదు. 1885లో డేవిడ్ డిక్సన్ చనిపోయాక వీలునామా తెరిస్తే, ఆస్తిలో సింహభాగం ఆమెకే రాసి ఉంది. వేల ఎకరాలు. తెల్లజాతి బంధువులు పదుల సంఖ్యలో కోర్టుకెక్కారు. హాన్‌కాక్ కోర్టులో ఆమె గెలిచింది. 1887లో జార్జియా సుప్రీంకోర్టు కూడా వీలునామా చెల్లుతుందనే చెప్పింది. ఆస్తి హక్కు విషయంలో రెండు జాతులకీ ఒకే చట్టం అన్నది ఆ తీర్పు సారం. ఆమె అగస్టాలో ఇల్లు కొనుక్కుని, 1893లో అక్కడే కన్నుమూసింది. ఆ దావా వల్ల తల్లి గురించి, పుట్టుక గురించి, ఇంట్లో ఎవరు ఎలా మెలిగారన్నదాని గురించి సాక్షులు చెప్పిన మాటలు కాగితం మీద మిగిలాయి. మామూలు మనుషుల విషయంలో కూడా అంతే. తగాదా జరిగిన కుటుంబం చరిత్ర ఎక్కువగా దొరుకుతుంది. వీలునామా దగ్గర ఆగిపోకుండా దావా కట్ట అడగండి.

మా వెతుకులాటలో 1850ల నాటి ఒక ఆస్తి జాబితాలో ఆ ముసలామె మొదటి పేరు, పక్కనే ఆమె కూతురి మొదటి పేరు కలిసి కనిపించాయి. 1878లో భూమి అమ్మినవాడు ఆ జాబితాలో ఒక వారసుడు. ఇది వాళ్లే అని నేను ఒట్టేసి చెప్పను. కానీ మూడు ఆధారాలు ఒకేవైపు చూపిస్తున్నాయి.

చర్చి పుస్తకాలు కూడా మరవకూడదు. హాన్‌కాక్‌లోని పావెల్టన్‌లోనే 1822లో జార్జియా బాప్టిస్టుల సంఘం ఏర్పడింది. ఆ కాలపు బాప్టిస్టు చర్చిల మినిట్స్‌లో, అంటే సమావేశాల పుస్తకాల్లో, బానిసలైన సభ్యుల పేర్లు యజమాని పేరుతో కలిపి రాసేవాళ్లు. అలాంటివి చాలా మేకన్ ఊళ్లోని మెర్సర్ విశ్వవిద్యాలయంలో దొరుకుతాయి.

కాలిపోయిన కోర్టుహౌసులు

దక్షిణాదిలో ఎవరిని అడిగినా ‘మా రికార్డులు షెర్మన్ తగలబెట్టాడు’ అంటారు. అంతర్యుద్ధంలో, 1864 నవంబరులో, ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ సైన్యం జార్జియా మీదుగా సముద్రం వైపు వెళ్లిన మాట నిజం. హాన్‌కాక్ పక్కనే ఉన్న వాషింగ్టన్ కౌంటీ కోర్టుహౌస్ అప్పుడు తగలబడిన మాటా నిజం. కానీ దక్షిణాదిలో చాలా కోర్టుహౌసులు యుద్ధంలో కాదు, పొయ్యి నిప్పు వల్లో, పాత వైరింగ్ వల్లో పోయాయి. స్పార్టాలో 1880లలో కట్టిన అందమైన కోర్టుహౌస్ 2014 ఆగస్టులో కాలిపోయింది. తర్వాత తిరిగి కట్టారు. ఆ వార్త వచ్చినప్పుడు ఎన్ని కుటుంబాలు గుండెలు పట్టుకున్నాయో. కౌంటీ పాత పుస్తకాలు చాలావరకు దశాబ్దాల క్రితమే మైక్రోఫిల్మ్‌లోకి ఎక్కి ఉండటం అదృష్టం.

ఆ మైక్రోఫిల్మ్ చూడాలంటే అట్లాంటాకి దక్షిణంగా మారో అనే ఊరికి వెళ్లాలి. రాష్ట్ర ఆర్కైవ్స్, కేంద్ర ప్రభుత్వ ఆర్కైవ్స్ శాఖ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఇంట్లో కూర్చుని చూడాలంటే ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వెబ్‌సైటులో చాలా పుస్తకాల ఫొటోలు ఉన్నాయి. అందులో 2024 నుంచి చేతిరాత దస్తావేజుల్లోని ప్రతి పదాన్నీ కంప్యూటర్ చదివి వెతికే సదుపాయం వచ్చింది. బానిసల పేర్లు చాలా సూచికల్లో ఉండవు కాబట్టి ఇది వాళ్ల వారసులకి పెద్ద వరం.

ఒక పేరు అకస్మాత్తుగా మాయమైందంటే చావు అనుకోవద్దు. అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో 1910 సెన్సస్‌లో వెయ్యిమందికి పైగా నల్లజాతివాళ్లున్నారు. 1912 శరదృతువులో తెల్లవాళ్ల గుంపులు వాళ్లని బెదిరించి, ఇళ్లు, చర్చిలు తగలబెట్టి కౌంటీ నుంచే తరిమేశాయి. 1920 నాటికి అక్కడ దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ కుటుంబాలని పక్క కౌంటీల్లో, అట్లాంటా వీధుల్లో వెతకాలి. కొందరు అయినకాడికి భూమి అమ్ముకున్నారు. కొందరివి అమ్మకం దస్తావేజే లేకుండా పక్కవాళ్ల పేర్ల మీదికి పన్ను పుస్తకాల్లో మారిపోయాయి. అదే కౌంటీలో, కమ్మింగ్ చుట్టుపక్కల, ఈరోజు వేల తెలుగు కుటుంబాలు ఇళ్లు కొనుక్కున్నాయి. ఇల్లు కొన్నప్పుడు లాయరు లింకు డాక్యుమెంట్లు కొన్ని దశాబ్దాల వెనక్కి చూసి ఆపేస్తాడు. 1912 దాకా వెళ్లి చూసే హక్కు, వీలు మనకున్నాయి. అవి ఎవరైనా చూడగలిగిన పుస్తకాలు. మనం ఉంటున్న నేల ఎవరిదో తెలుసుకోవడం మన బాధ్యత అని నేను అనుకుంటున్నాను.

నలభై ఎకరాలు ఇప్పుడు

1878లో కొన్న ఆ నలభై ఎకరాల్లో కొంత ఇంకా వాళ్ల కుటుంబం దగ్గరే ఉంది. వీలునామా లేకుండా తరాలు మారడంతో భూమి వారసులందరి ఉమ్మడి. దక్షిణాదిలో నల్లజాతి కుటుంబాలు భూమి పోగొట్టుకున్నది చాలావరకు ఇలాగే. దూరంగా ఉన్న ఒక వారసుడి వాటా బయటివాడు కొని, కోర్టుకి వెళ్లి, మొత్తం భూమిని వేలం వేయించేవాడు. జార్జియా 2012లో చట్టం మార్చి, ముందు మిగతా వారసులకి ఆ వాటా కొనుక్కునే అవకాశం ఇచ్చింది. కానీ వారసులెవరో చూపించాలి కదా. కాబట్టి ఈ వెతుకులాట వాళ్లకి సరదా వ్యవహారం కాదు. మేం తయారుచేసిన వంశవృక్షాన్ని మా కొలీగ్ ఇప్పటికే లాయరుకి ఇచ్చారు.

దస్తావేజు చివర్లో ఆ ముత్తాత తండ్రి పేరు మధ్యలో ఒక ఇంటూ గుర్తు ఉంది. చదువు రానివాళ్ల నిశానీ. మా కొలీగ్ దాన్ని ప్రింట్ తీసి ఫ్రేము కట్టించారు. తర్వాత ఆవిడకి నేను ఒక విషయం చెప్పాల్సి వచ్చింది, చెప్పడానికి మనసొప్పలేదు. కౌంటీ పుస్తకంలో ఉన్నది నకలు. క్లర్క్ అసలు దస్తావేజు చూసి తన చేత్తో అంతా ఎక్కించుకుంటాడు, ఆ ఇంటూ గుర్తుతో సహా. అసలు కాగితం రైతుకి తిరిగి ఇచ్చేస్తాడు. ఆయన కలం పట్టి గీసిన గుర్తు అంటూ ఉంటే, అది ఇంట్లోనే ఉండాలి.

ఆవిడ వెంటనే స్పార్టాలో, ఆ నేల మీదే ఉంటున్న పెద్దమ్మకి ఫోన్ చేశారు. తొంభై దాటిన మనిషి. మంచం కింద రేకు డబ్బా ఒకటి ఉందని, అందులో పాత పన్ను రసీదులు, మడతలు పెట్టిన కాగితాలు ఉన్నాయని, మడత విప్పితే విరుగుతున్నాయని భయపడి తాను ముట్టుకోవడం లేదని చెప్పారు. ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని, మడతలు విప్పొద్దని, డబ్బాని తడి తగలని చోట పెట్టమని చెప్పాం. వచ్చే శనివారం వెళ్తున్నాం.